వేరు మాట

దుకాణం నుంచి,
జూన్ 6

తమ్ముడూ,

నువ్వు పంపిన పార్సిల్ మొన్న అందింది. విప్పి చూసి, వెళ్ళిపోతున్న పోస్టుమాన్‌ని కేకేసి వెనక్కి పిలిచాను. "దారిలో ఎవరో సరుకు కాజేశారు బాబూ, కంప్యూటర్ రావాలి, దాని మూత మాత్రం వచ్చింది" అన్నాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, వెనకున్న చిల్లులు లెక్కపెట్టి, "అమ్మా, ఇదే కంప్యూటరేమో" అన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళ గురించి విన్నాను గాని, అరచేతిలో కంప్యూటర్ చూపించింది నువ్వేరా.

పాత కంప్యూటర్ పోయి ఇరవై రోజులైంది. పోయే ముందు రోజు వరకూ పిండిమరలా మోత మోగేది, బతికుందని తెలిసేది. ఇది ఊపిరి కూడా తీయదు. ఎదురు కొట్టు వడ్రంగి వచ్చి తీగలు తగిలించి పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది తప్ప చప్పుడు లేదు. ఇద్దరం వంతులవారీగా దానికి చెవి ఆనించి విన్నాం. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, నువ్వు పంపిన పిట్టకి అసలు కూతే లేదు. కాసేపటికి తెర మీద నీలం రంగు వచ్చింది, అప్పుడు నమ్మాను.

తీరా పనిలోకి దిగితే ఒత్తులన్నీ విడిపోతున్నాయి. "అత్యవసరం" అని కొట్టాను. "అత్‌యవసరం" అని పడింది. త కింద అణిగిమణిగి ఉండాల్సిన య పక్కకొచ్చి, సొంత ఇల్లు కట్టుకుని కూర్చుంది. "వార్డు" కొడితే "వార్‌డు", "రద్దు" కొడితే "రద్‌దు". కొత్తగా కట్టిన ఆసుపత్రి వాళ్ళు ఎనభై నాలుగు రబ్బరు ముద్రలు అడిగారని రాశాను కదా, ఆగస్టు ఆఖరుకి ఇవ్వాలి. ఇలాంటి ముద్ర కాగితం మీద కొడితే రోగి జబ్బు మరిచిపోయి నవ్వుకుంటాడు.

పెట్టెతో పాటు నువ్వు పెట్టిన చీటీ నిండా ఇంగ్లీషు ముక్కలే. నాన్న నాకు అక్షరాలు తిరగేసి చెక్కడం నేర్పాడు గాని ఇంగ్లీషు నేర్పలేదు, నీకు తెలుసు. ఏం చేయాలో శుభ్రంగా తెలుగులో రాయి. ఒక్క ఇంగ్లీషు ముక్క కనిపించినా ఉత్తరం తిప్పి పంపిస్తాను.

బల్ల మీద నీ వైపు ఖాళీ చేసి ఉంచాను. డబ్బాలన్నీ కిందకి దించేశాను. వానలు వెనకపట్టగానే ఉద్యోగం అయిపోతుంది, వచ్చి నీ పక్కన కూర్చుంటాను అన్నావు. లెక్క ప్రకారం ఇంకా అయిదు నెలలు.

నీ అక్క

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. బల్ల కాలు ఒకటి పొట్టిదైంది, రాస్తుంటే ఊగుతోంది.


కొండ మీది వాతావరణ కేంద్రం నుంచి,
జూన్ 19

అక్కా,

పోస్టుమాన్ సంగతి చదివి నేనొక్కడినే నవ్వుతుంటే మా వంటాయన వచ్చి నా నుదురు పట్టుకుని చూశాడు. ఇక్కడ ఫోన్లు పలకవు, ఉన్న ఒక్క లైన్లో గాలీ వానా అంకెలు తప్ప మనుషుల కబుర్లు ఎక్కనివ్వరు. వారానికోసారి జీపు తెచ్చే నీ ఉత్తరమే మాకు కాలక్షేపం.

దాన్ని చిన్నచూపు చూడకు. ఇలాంటివి ఇక్కడ పదకొండు ఉన్నాయి. గాలి వేగానికి ఒకటి, వాన కొలతకి ఒకటి, చలికి ఒకటి. ఆరేళ్ళుగా ఆపకుండా నడుస్తున్నాయి. ఈ ఆరేళ్ళలో మేము ముగ్గురం జ్వరాలు తెచ్చుకున్నాం, అవి తెచ్చుకోలేదు. చిన్న బల్బు తినేంత కరెంటు తింటుంది. ధర పాతదానిలో అయిదో వంతు కూడా కాదు. లోపల నడిచే ఏర్పాటు పేరు లినక్స్. పేరు పేరే కాబట్టి మార్చలేదు, ఈ ఒక్కదానికీ ఉత్తరం తిప్పి పంపకు. అది ఒకరి సొత్తు కాదక్కా. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, అందరికీ ఊరికే వదిలేశారు. ఏటేటా కొత్తది కొనమని నిన్ను పీడించేవాడు ఉండడు.

లోపాలు కూడా చెప్పాలి. ఒకేసారి రెండు పెద్ద పనులు చెబితే నత్తకి నడక నేర్పుతుంది. బజార్లో అమ్మే ప్రింటర్లన్నిటితోనూ దీనికి పొత్తు కుదరదు, అదృష్టం కొద్దీ నీ ప్రింటర్‌తో కుదిరింది. చెడిపోతే మీ వీధిలో బాగుచేసేవాడు దొరకడు, ఎవరి వైద్యం వాళ్ళే చేసుకోవాలి. ఒత్తుల తప్పు మాత్రం పెట్టెది కాదు, నాది. పంపేముందు అంకెలు కొట్టి చూసి, బ్రహ్మాండంగా ఉంది అనుకున్నాను. మాకిక్కడ రోజంతా అంకెలే. అంకెలకి ఒత్తులుండవు కదా.

ఇక తెలుగంటావా, నువ్వు అడగాలే గాని! మా పెద్దాయనకి, అంటే ఈ కేంద్రం అధికారికి, తెలుగు పిచ్చి. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి మాటకీ తెలుగు మాట కట్టాడు. మేము ఏళ్ళుగా అవే వాడుతున్నాం, ఇంగ్లీషువి నేనే మరిచిపోతున్నాను. వాటి అర్థాలు విడిగా చీటీ మీద రాసి ఇందులోనే పెడుతున్నాను. చీటీ పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఎలుకని వెనక చిల్లులో దూర్చు. పక్క చిల్లులో ఈ కవర్లో ఉన్న జేబుపుల్ల దూర్చు, ఒత్తులు కలిపే అక్షరాలు అందులో ఉన్నాయి. తెర మీద నల్ల పలక బొమ్మ నొక్కితే గుల్ల తెరుచుకుంటుంది. నువ్వు ఇప్పుడున్నట్టే ఉండి అడిగితే గుల్ల ఒప్పుకోదు. నువ్వు వేరు అవ్వాలి. వేరు కాకుండా ఏ మార్పూ జరగదు. దానికి ఎస్, యు అని రెండక్షరాలు కొట్టు. అప్పుడు వేరు మాట అడుగుతుంది. అది ఏమిటో నీకు తెలిసిందే, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మన మధ్య ఉన్నదే. ఉత్తరంలో రాయకూడదు, ఇంకొకరి కంట పడితే మంచిది కాదు. ఆ తర్వాత కొట్టాల్సింది చీటీ చివర రాశాను.

ఇదేదీ కుదరకపోయినా కంగారు లేదు. నాన్న కత్తి నీ చేతిలో ఉంది. ఎనభై నాలుగూ నెల తిరక్కుండా చెక్కి అవతల పారేస్తావు.

నిన్న పెద్దాయన నా చేతిలో ఏదో కాగితం పెట్టాడు. తీరిగ్గా చదవాలి. ఇక్కడ వానలు దిగాయి.

తమ్ముడు


దుకాణం నుంచి,
జూలై 3

తమ్ముడూ,

చీటీ లేదు. కవరు చింపాను, దులిపాను, కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. జేబుపుల్ల మాత్రం ఠంగుమని కింద పడింది. చీటీ లేకుండా నీ తెలుగు చదవడం, ఏం చెప్పను, నువ్వు ఇంగ్లీషులో రాసినా ఇంతకంటే అర్థమయ్యేది.

ఎలుకని చిల్లులో దూర్చమన్నావు. దుకాణంలో ఎలుక తిరుగుతున్న సంగతి నేను నీకు రాయనే లేదు, కొండ మీద కూర్చుని ఎలా కనిపెట్టావా అని అరగంట ఆలోచించాను. వడ్రంగి వచ్చి "చేత్తో తిప్పేది కదమ్మా, దాన్నంటున్నాడు" అన్నాడు. సరే, దూర్చాం. నల్ల పలక నొక్కాం. గుల్ల తెరుచుకుంది. జేబు గుల్ల, ఒళ్ళు గుల్ల అనడం విన్నాను గాని, గుల్లని డబ్బు పెట్టి కొనుక్కుని తెరుచుకోవడం మన ఇంటికే చెల్లింది.

ఎస్, యు కొట్టాను. ఏదో అడిగింది. ఇక అక్కడి నుంచి ఏం కొట్టినా ఒక్క అక్షరం పడదు. మీటలు పాడయ్యాయని కొత్త మీటల పలక కొన్నాను. దానితోనూ పడలేదు. అంతకు ముందు రెండక్షరాలు పడ్డాయి, తర్వాతవి పడవు! వడ్రంగి తన అల్లుడి దగ్గరున్నది పట్టుకొచ్చాడు. ఊహూఁ. ఇప్పుడు నా దగ్గర మూడు మీటల పలకలున్నాయి, ముద్ర ఒక్కటీ లేదు.

ఇదంతా ఒక ఎత్తు. నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, అది ఒక ఎత్తు. మొదటిసారి చదివి తప్పు చదివాననుకున్నాను. కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చదివాను. "నువ్వు వేరు అవ్వాలి. వేరు కాకుండా ఏ మార్పూ జరగదు. వేరు మాట నీకు తెలిసిందే."

తెలిసిందేరా. నాన్న పోయిన ఏడు, నువ్వు దుకాణం వదిలి కొండెక్కుతానన్న రోజు, కోపంలో నోరు జారింది నేనే. "అయితే వేరు పడదాం, బల్ల సగానికి కోసి నీ సగం పట్టుకుపో" అన్నాను. నువ్వు ఆ రోజు అన్నం మానేశావు. రైలెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, వేరు మాట మన మధ్య ఇంకెప్పుడూ రాకూడదు" అన్నావు. ఇరవై రెండేళ్ళు నేను ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నీ చేతి రాతలో చూస్తున్నాను. ఒకటికి మూడుసార్లు రాశావు. పైగా ఇంకొకరి కంట పడకూడదంటున్నావు.

కంప్యూటర్ గురించి రాస్తూ రాస్తూ మధ్యలో అది ఎందుకొచ్చిందో నా బుర్రకి అందడం లేదు. ఎదుట చెప్పలేక అలా చాటుగా చెప్పావా? పెద్దాయన ఇచ్చిన కాగితం ఏమిటి? నేనడిగేది ఒక్కటే, సూటిగా జవాబు రాయి. వేరు కాకుండా కుదరదా? ఇన్నాళ్ళూ కుదిరిందిగా?

అక్క


కొండ మీది కేంద్రం నుంచి,
జూలై 14

అక్కా,

హడావిడిలో రాస్తున్నాను. తొమ్మిది రోజులుగా కుండపోత. జీపు వాగులో దిగబడింది, సంచీలో ఉత్తరాలన్నీ నానిపోయాయి. నీ ఉత్తరం విప్పితే సిరా అంతా నీలి చెరువు. పైన ఎలుక గురించి ఏదో ఉంది, చిట్టచివరి రెండు వాక్యాలు మాత్రం బాగా కనిపించాయి. వేరు కాకుండా కుదరదా, ఇన్నాళ్ళూ కుదిరిందిగా అని.

లేదక్కా, కుదరదు. ఇన్నాళ్ళ సంగతి వేరు. పాతది ఎవరేం చేసినా ఊరుకునేది, అందుకే అలా పాడైంది. ఈ పద్ధతిలో భద్రత ఉంది. వేరైతేనే అధికారం మొత్తం నీ చేతికొస్తుంది, నన్ను అడగనక్కర్లేదు. భయపడకు, ఒక్క నిమిషం పని. నేను రోజూ అవుతూనే ఉంటాను, అలవాటైపోయింది. మొదటిసారే ఎవరికైనా చెయ్యి ఆడదు.

చీటీలో అన్నీ ఉన్నాయి, చూసుకో. నీ అక్షరాలు ఇంకా ఊగుతున్నాయేం, ఆ బల్ల సంగతేదో వడ్రంగికి చూపించు.

తమ్ముడు


దుకాణం నుంచి,
జూలై 26

తమ్ముడు గారికి,

మీ ఉత్తరం అందినది. సూటిగా జవాబు అడిగాను, సూటిగానే ఇచ్చారు. సంతోషం.

భద్రత కావాలన్నారు. నన్ను అడగనక్కర్లేదన్నారు. ఒక్క నిమిషం పని అన్నారు, అది మాత్రం నిజం కాదు. రెండున్నర గంటలు పట్టింది. బల్ల సంగతి వడ్రంగికి చూపించమన్నారు కాబట్టి నిన్న ఉదయం పిలిపించాను. తొమ్మిదడుగుల బల్ల, నాన్న చేయించింది, పాత కాలపు చెక్క, రంపం ఓ పట్టాన దిగలేదు. మొదలుపెట్టే ముందు అతను మూడుసార్లు అడిగాడు, "నిజంగానేనా అమ్మా?" అని. మీ ఉత్తరం చూపించాను. చదువుకుని, తల గోక్కుని, "మీరు మీరు చూసుకోండమ్మా, నాకు పెద్దవాళ్ళ మాటలు అర్థం కావు" అని రంపం పట్టుకున్నాడు. సమానంగా రెండు ముక్కలు చేయించాను. కొత్తగా నాలుగు కాళ్ళు పెట్టించాను. మీ సగం ఎక్కడికి పంపాలో తెలియజేయగలరు.

కత్తులు ఏడున్నాయి. మూడు మీకు, మూడు నాకు. ఏడోది నాన్న చేతిది. దాన్ని సగం చేయమంటే వడ్రంగి ఒప్పుకోలేదు. మీరే ఉంచుకోండి, నాకు దానితో పని లేదు.

పెట్టెకి గుడ్డ కప్పి మూల పెట్టాను. అది ఏ ముద్రా వేయలేదు. ఆసుపత్రి స్టోర్‌కీపర్ వచ్చి అడిగితే, చేయలేనని చెప్పేశాను. ఆయన మంచివాడు, "వచ్చే నెల ఇరవై దాకా ఇంకెవరికీ ఇవ్వను, మనసు మారితే చెప్పండి" అని వెళ్ళాడు. మారడానికి ఏముంది?

పెట్టె అందిన మొదటి రోజునే నాకు ఒక అనుమానం వచ్చింది. ఇంత ఉన్నట్టుండి, అడక్కుండా, ఎందుకు పంపారా అని. మీ బదులు దాన్ని పంపారని ఇప్పుడు తెలిసింది. ఆ ఒక్క ముక్క మొదటే రాసి ఉంటే ఒక్క అక్షరం పడని మూడు మీటల పలకలతో కుస్తీ పట్టే బాధ తప్పేది.

మీ అక్క


కొండ మీది కేంద్రం నుంచి,
ఆగస్టు 5

అక్కా! అక్కా!

ఏ బల్ల? ఎందుకు కోయించావు? నన్ను మీరు అని ఎందుకంటున్నావు? నీ ఉత్తరం వాన గొట్టం దగ్గర నిలబడి చదివాను, చదువుతూ ఆ గంట వాన కొలత రాయడం మరిచిపోయాను. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. నాలుగుసార్లు చదివినా తలా తోకా దొరకలేదు. నీ తల మీద ఏదైనా పడిందేమోనని కూడా అనుకున్నాను. ఆఖరికి దీన్నీ, తడిసిన నీ పాత ఉత్తరంలో వేరు కాకుండా కుదరదా అన్న వాక్యాన్నీ పెద్దాయనకి చూపించాను. ఆయన చదివి, ముందు విరగబడి నవ్వాడు. తర్వాత మధ్యలో ఆపేసి, కళ్ళజోడు తీసి, "ఓరి భగవంతుడా, ఆ మాట కట్టింది నేనేనయ్యా" అన్నాడు.

వేరు అంటే చెట్టు వేరక్కా. నేలలో ఉండే వేరు!

కంప్యూటర్‌లో అన్నిటికంటే పెద్ద అధికారం ఉన్న మనిషిని ఇంగ్లీషులో రూట్ అంటారు. రూట్ అంటే చెట్టు వేరు. మిగతావన్నీ దాని మీద కొమ్మలు. మామూలు మనిషిగా చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. కొత్త అక్షరాలు లోపలికి ఎక్కించాలంటే వేరు అవ్వాలి, అంటే రూట్‌గా లోపలికి వెళ్ళాలి. వెళ్ళడానికి ఒక రహస్యపు మాట కావాలి, అది వేరు మాట. మేము రోజుకి ఇరవైసార్లు అంటాం. "నేను వేరయ్యాను, నువ్వు కూడా అవుతావా" అని అన్నం తింటూ అనుకుంటాం. వినేవాళ్ళకి ఎలా ఉంటుందో ఒక్కనాడూ తట్టలేదు. చీటీ నా వాన కొలత పుస్తకంలో దొరికింది, జూన్ 19 పేజీలో. నీ కవర్లో పెట్టాననుకుని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఇక్కడితో ఉత్తరం ముగించి, చూశావా ఎంత తమాషా జరిగిందో అని నవ్వేసి ఊరుకోవచ్చు. అలా రాద్దామని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. పెట్టె ఎందుకు పంపానన్న నీ ప్రశ్నకి నేను ఇంకా జవాబు చెప్పలేదు కదా.

పెద్దాయన ఇచ్చిన కాగితం, ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండమని. కాగితం జూన్‌లో ఇచ్చాడు గాని, మే నెలలోనే నోటిమాటగా అడిగాడు. నాకు వద్దనాలనిపించలేదు. ఇక్కడ నా గది, నా గాలి, నా అంకెలు. అక్కడికొస్తే నాకు ముద్రలు చెక్కడం చేతనవుతుందో లేదో తెలియదు. ఇరవై రెండేళ్ళైంది కత్తి పట్టి. నీ పక్కన కూర్చుని నీ పని పాడు చేస్తానేమోనని భయం. సరిగ్గా అప్పుడే నీ కంప్యూటర్ పోయిందని రాశావు. చౌకలో వస్తుంది, చప్పుడు చేయదు, అక్క పని అక్క చేసుకుంటుంది, ఇక నాతో అవసరమేముంటుందిలే అనుకున్నాను. నా బదులు పెట్టెని పంపానన్నావే, అది నిజం. నేను చెట్టు వేరు గురించి రాశాను, నువ్వు నా మనసులో ఉన్నది చదివావు. చాలా సిగ్గుగా ఉంది.

కాగితం ఈ ఉదయం పెద్దాయనకి తిప్పి ఇచ్చేశాను, సంతకం చేయకుండా. అక్టోబరు ఆఖరున వస్తున్నాను. పని రాకపోతే నేర్పు. తిడితే పడతాను.

ఇప్పుడు వేరు మాట. ఎవరి కంట పడినా సరే, రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, కే, కే, ఏ. అక్క. మరీ పొట్టి మాట, దొంగ ఇట్టే పట్టేస్తాడని పెద్దాయన తిట్టాడు. నేను మార్చలేదు. బతుకంతా అక్షరాలు తిరగేసి చూసేదానివి కదా, దాన్ని కూడా తిరగేసి చదువు, వెనక నుంచి ముందుకి. ఎటు నుంచి చదివినా నువ్వే ఉంటావు.

అది కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. నీ మీటల పలకలు మూడూ మంచివే. పక్కనున్న వాళ్ళు చూడకుండా అది అలా దాస్తుంది. కనిపించకపోయినా లోపల పడుతూనే ఉంటాయి, నమ్మి కొట్టు. లోపలికి వెళ్ళాక "కలుపు" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు, ఎలా కొట్టాలో చీటీ చివర ఉంది. జేబుపుల్లలోంచి అక్షరాలెక్కి ఒత్తులు కలుస్తాయి. చీటీ ఈసారి ఉత్తరానికి దారంతో కుట్టాను. గుల్ల అంటే ఇంగ్లీషులో షెల్, మనం కొట్టిన ఆజ్ఞలు వినేది; జేబుపుల్ల అంటే పెన్ డ్రైవ్.

ఇంకొక్కటి. బల్ల కోయించి కొత్త కాళ్ళు పెట్టించానన్నావు. ఆ తర్వాత రాసిన ఉత్తరంలో కూడా నీ అక్షరాలు ఊగుతున్నాయి. పొట్టి కాలు ఏ సగంలోకి పోయింది? నాన్న కత్తితో నీకు పని లేకపోవడమేమిటి? నిజం చెప్పు.

తమ్ముడు


దుకాణం నుంచి,
ఆగస్టు 18

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. వడ్రంగి వచ్చి చూసి భయపడ్డాడు. వేరు అంటే చెట్టు వేరని చెప్పాను. చాలాసేపు బల్ల వంకా నా వంకా చూసి, "అయితే నేను ఉత్తి పుణ్యానికి కోశానా అమ్మా?" అన్నాడు. మీ పెద్దాయనకి చెప్పు, తెలుగు మీద ప్రేమ మంచిదే, కాని ఒక మాట కట్టేముందు దానివల్ల ఎవరి బల్ల తెగుతుందో చూసుకోవాలి.

గుడ్డ తీసి పెట్టె ముందు కూర్చున్నాను. ఏ, కే, కే, ఏ. ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టాను, ఒప్పుకోలేదు. మూడోసారి కూడా. ఏం పడుతోందో కనిపించదాయె, తప్పెక్కడో ఎలా తెలుస్తుంది? వడ్రంగి నా పక్కన నిలబడి నా వేలి వైపు చూస్తూ, మెల్లిగా అన్నాడు, "అమ్మా, మీరు కే ఒక్కసారి నొక్కుదామనుకుంటే వేలు రెండుసార్లు తగులుతోంది."

అదిరా నిజం. బల్ల కాలు ఎప్పుడూ పొట్టి కాలేదు. నా చెయ్యి వణుకుతోంది, ఏడాదిన్నర అయింది. డాక్టరు మందిచ్చాడు, కాస్త తగ్గుతుంది, పోదన్నాడు. పోయిన ఏడు నుంచి నేను కత్తి పట్టలేదు. కంప్యూటర్ లేకపోతే ఎనభై నాలుగు కాదు, ఒక్క ముద్ర కూడా నా వల్ల కాదు. నీకు రాస్తే జాలిపడి వస్తావని రాయలేదు. జాలితో కాదు, రావాలనిపించి రావాలని పంతం. నువ్వేమో అక్క చేతిలో కత్తి ఉంది, నాతో పనేముంది అనుకుని కూర్చున్నావు. ఇద్దరికి ఇద్దరం సరిపోయాం.

నాలుగోసారి ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం నోటితో అనుకుంటూ కొట్టాను. లోపలికి వెళ్ళింది. చీటీలో ఉన్నట్టు "కలుపు" అని కొట్టాను. ఏవేవో గీతలు పరిగెత్తాయి, ఆగాయి. "అత్యవసరం" అని కొట్టి చూస్తే, తమ్ముడూ, య వచ్చి త కింద బుద్ధిగా కూర్చుంది.

నత్తలాంటిదన్నావు, అది కూడా నిజమే. పది ముద్రలు వరుసగా ప్రింటర్‌కి పంపితే తల వేలాడేసి అక్కడే ఆగిపోతుంది. ఒకటొకటిగా ఇస్తే ఒక్కటీ తప్పు పోదు. నాకూ ఇప్పుడు ఆ వేగమే సరి. స్టోర్‌కీపర్‌కి కబురు పెట్టాను, ఇప్పటికి ముప్పై ఒకటి అయ్యాయి. మొట్టమొదట వేసి చూసుకున్న ముద్ర ఈ కాగితం కింద కొట్టాను. నీ నాలుగు ఇంగ్లీషు అక్షరాలే. ముద్ర మీద తిరగేసి ఉన్నప్పుడు కూడా చదివాను. అక్షరాల మొహాలు అటు తిరుగుతాయి గాని వరుస మారదు. నాన్న చూసి ఉంటే సంతోషించేవాడు.

నీకు పని రాదని భయమన్నావు. నాకు పని వచ్చు, చెయ్యి రాదు. నీ చెయ్యి, నా నోరు, ఆ నత్త. ముగ్గురం కలిస్తే ఒక మనిషి పని చేయలేమా?

బల్ల అతకమంటారా అని వడ్రంగి రోజూ అడుగుతున్నాడు. అతికినా గీత కనిపిస్తుందంటున్నాడు. నువ్వు వచ్చాకే అతికిద్దాం అన్నాను, ఎందుకంటే నీకు ఒకటి చూపించాలి. సమానంగా కోయించానని రాశాను కదా, అది అబద్ధం. అతను సగానికి గీత గీశాక, దాన్ని నాలుగు అంగుళాలు నా వైపుకి జరపమన్నాను. నీవి బారు చేతులు, మోచెయ్యి తగిలితే కత్తి జారుతుందని నాన్న నీకెప్పుడూ ఎక్కువ చోటు వదిలేవాడు. మధ్యలో ఉండే నాన్న సిరా మరక మొత్తం నీ సగంలోకే వచ్చింది. నీ మొహం ఇక చూడకూడదనుకున్న రోజున ఆ లెక్క ఎలా గుర్తొచ్చిందో, నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

అక్క